ఎఱుపు: రంగు, పేరు, నింద

గడచిన మాఘమాసమున నా పూర్వశిష్యుడొకడు తన కుమార్తె నామకరణమునకు నన్ను పిలిచెను. అతని నివాసము హైదరాబాదులో హైటెక్ సిటీకి చేరువనున్న కొండాపూరున, ఒక ఎత్తైన మేడలో పదునాల్గవ అంతస్తు. భార్యాభర్తలిద్దరును సాఫ్టువేరు ఉద్యోగులు. బిడ్డకు స్కార్లెట్ అని పేరు పెట్టవలెనని వారు నిశ్చయించుకొనిరి. ఆ పేరు విని పిల్ల మాతామహుడు మండిపడెను. ఆయన ఆంగ్లసాహిత్యము చదివినవారు. "ఇంగ్లీషులో స్కార్లెట్ వుమన్ అంటే ఏమిటో తెలుసా? చెడిపోయిన ఆడది. ఆ పేరా నా మనవరాలికి?" అని ఆయన వాదము. "అది రంగు పేరు మామయ్యగారూ, మంచి ఎరుపు" అని అల్లుని సమాధానము. పెడననుండి వచ్చిన పిల్ల నాయనమ్మ మాత్రము ఉయ్యాల చెంత కూర్చుండి నోరు మెదపలేదు. నాకు సంస్కృతమును ఆంగ్లమును కొంత తెలియునన్న నమ్మకముతో ఇరుపక్షములవారును తీర్పును నాకు వదలిరి.

ఆనాడు నేను చెప్పినదానిని, చెప్పవలసియుండియు చెప్పక మానినదానిని ఇచట వ్రాయుచున్నాను.

మొదట మాట సంగతి. స్కార్లెట్ అనునది ఆదిలో రంగు పేరు కాదు, బట్ట పేరు. మధ్యయుగమున ఐరోపావారు మిక్కిలి వెలగల ఉన్నివస్త్రమును ఆ పేర పిలిచిరి. అది ఎఱ్ఱగానే యుండవలెనను నియమము లేకుండెను. వేఱు వర్ణముల స్కార్లెట్లును ఉండెడివి. ఐతే ఆ బట్టకు వేయు రంగులలో ఎక్కువ ఖరీదైనది, ఓక్ జాతి చెట్లపై బ్రతుకు కెర్మెస్ అను పురుగునుండి తీసిన ఎఱుపు. అందుచే క్రమక్రమముగా బట్ట పేరు రంగునకు సంక్రమించెను. ఈ మాటకు మూలము పారసీకమని పలువురు పండితుల అభిప్రాయము. పారసీకమునందలి సకల్లాత్ అను వస్త్రనామమే హిందుస్థానీ మీదుగా మన దేశమున వ్యాపించి తెలుగున సకలాతు అయినది. సకలాతనగా బనాతు, చిక్కని ఉన్నిబట్ట. కావున మాతామహునితో నేనాడిన మొదటి మాట ఇది: మీ మనుమరాలికి పెట్టదలచిన పేరు పరాయిదైనను, దాని అక్కచెల్లెలు మన నిఘంటువులో ఎన్నడో చోటు చేసికొన్నది.

దీనికి తోబుట్టువు క్రిమ్సన్ అను మాట. అది అరబ్బీలోని కిర్మిజ్ శబ్దమునుండి వచ్చినది. ఆ కిర్మిజ్‌నకును మన సంస్కృతమునందలి కృమి శబ్దమునకును చుట్టరికము కలదు. పురుగునుండి పుట్టిన రంగు అనియే దాని యర్థము. సంస్కృతమువైపు చూచినను కథ వేఱు కాదు. రక్తమనగా నేడు మనకు నెత్తురు. కాని ఆ శబ్దము రంజ ధాతువునుండి పుట్టినది. రంగు వేయబడినది అని దాని తొలి యర్థము. రాగమనగా మొదట రంగు, అటుపిమ్మట అనురాగము, ఆ పిమ్మట సంగీతపు రాగము. ఇటు మన ప్రాచీనభాషలోను అటు పడమటి భాషలలోను ఎఱుపును చెప్పు ముఖ్యమైన మాటలు కొన్ని అద్దకపు బాన ప్రక్కనుండియే లేచి వచ్చినవి. వానిని పుట్టించినవాడు నీతిశాస్త్రకారుడు కాడు, రంగులవాడు.

మన పూర్వులు ఎఱుపులను ఎంత శ్రద్ధతో చూచిరో అమరకోశము తెలుపును. స్పష్టముగాని లేత యెఱుపు అరుణము. ఎఱ్ఱకలువ వన్నె శోణము. తెలుపు కలిసిన యెఱుపు పాటలము. తెలుగునకు సొంతముగా ఎఱుపు, కెంపు, చెంగావి, కెంజాయ, జేగురు మొదలైనవి కలవు. వీనిలో ఒక్కదానికిని పాపమను అర్థచ్ఛాయ లేదు. పేర్లకును లోటు లేదు. మహాభారతమున నన్నయ తిక్కనల నడుమ మిగిలిన అరణ్యపర్వశేషమును పూరించిన మహాకవి పేరే ఎఱ్ఱన. రోహిణి యన్నను ఎఱుపే, అరుణ యన్నను ఎఱుపే. చలము తన నాయికలలో ఒకతెకు అరుణ యని పేరిడి ఆ పేరునే నవలకును ఉంచెను. నా శిష్యుడు మఱియొక విశేషమును చూపెను. అతని వృత్తిలో తెరమీది రంగులకు అంకెలే కాక పేర్ల పట్టిక ఒకటి కలదట. అందు క్రిమ్సన్ ఉన్నది. మన దేశపు ఎఱ్ఱమన్ను పేర ఇండియన్ రెడ్ ఉన్నది. స్కార్లెట్ మాత్రము లేదు. "అందుకే మాస్టారూ, పట్టికలో లేని పేరు పెడదామనుకున్నాం" అని అతడు నవ్వెను.

ఇక నింద యెచటనుండి వచ్చినది? బైబిలునందు యెషయా ప్రవక్త పాపమును ఈ రంగుతో పోల్చెను. ప్రకటనగ్రంథమున దుష్టత్వమునకు ప్రతిమయైన ఒక స్త్రీ ధూమ్రరక్తవర్ణముల వస్త్రములు ధరించి కనబడును. స్కార్లెట్ వుమన్ అను నిందావాక్యమునకు బీజమిదియే. ఇచట విచారింపవలసిన విషయమొకటి కలదు. రోమను కాథలిక్కు మతమున కార్డినళ్లు ధరించు ఉడుపులు ఈ రంగువే. ఇంగ్లండున ఉన్నతన్యాయాధిపతుల లాంఛనవస్త్రములును ఈ రంగువే. ఆ దేశపు సైనికులు శతాబ్దములపాటు ఎఱ్ఱకోట్లు తొడిగి దేశదేశములు తిరిగిరి. పురుషుడు ధరించినచో అది పవిత్రత, న్యాయము, శౌర్యము. స్త్రీ ధరించినచో అదే బట్ట పాపము! రంగు మాఱలేదు, నేత మాఱలేదు. తొడిగిన మేను మాఱినంతనే అర్థము మాఱినది.

ఈ అన్యాయమును ఆంగ్లభాషలో తీక్ష్ణముగ చూచిన నవల అమెరికా రచయిత నథానియేల్ హాథార్న్ 1850లో ప్రకటించిన ది స్కార్లెట్ లెటర్. కథ పదునేడవ శతాబ్దపు బోస్టనులో జరుగును. భర్త దూరమున నుండగా బిడ్డను కన్న హెస్టరు ప్రిన్ అను స్త్రీకి అచటి మతపెద్దలు విధించిన శిక్ష, రొమ్ముపై ఎఱ్ఱని అక్షరమొకటి ఎల్లప్పుడును ధరింపవలెననుట. దోషమున పాలుగొన్న పురుషుడు ఆ యూరి మతబోధకుడే. అతని పేరు ఆమె బయటపెట్టదు. ఈ గ్రంథమును పాపపశ్చాత్తాపముల కథగా చదువుట పరిపాటి. నాకు అందు ముఖ్యముగా కనబడునది వేఱు. ఆ యక్షరమును కుట్టినది హెస్టరే. శిక్షగా విధింపబడిన గుడ్డముక్కను ఆమె మేలైన ఎఱ్ఱబట్టతో బంగారుజరీపనితో చూచువారు నివ్వెఱపోవునట్లు తీర్చెను. ఆమె జీవనము సూదిపనియే. ఆ యూరి అధికారుల దుస్తులకు, పసిపిల్లల అంగీలకు ఆమె చేతిపని కావలెను. కాని పెండ్లికూతురి మేలిముసుగుపై మాత్రము ఆమె సూది పడరాదు! హాథార్న్ ఈ సంగతిని పెద్దగా ఉపన్యసింపడు, చెప్పి ముందునకు సాగును. నా దృష్టికి నవలకంతకును గుండెకాయ అదియే. ఆమె పనితనము ఊరికి కావలెను. ఆమె నీడ శుభకార్యముపై పడరాదు. ఈ వాక్యము బోస్టనునకే చెల్లునా? మన యిండ్లకు చెల్లదా?

ఏండ్లు గడచిన పిమ్మట, రోగుల కొఱకు, బీదల కొఱకు ఆమె చేసిన సేవను చూచి ఆ యూరివారిలో కొందఱు ఆ యక్షరమునకు సమర్థురాలు అని వేఱు అర్థము చెప్పసాగిరి. అక్షరము మాఱలేదు. చదువువారు మాఱిరి. నిందను తుడుచుటకు రంగును కడుగనక్కఱలేదని, కన్నును కడిగికొన్న చాలునని రచయిత ఇచట సూచించెనని నా యభిప్రాయము.

మఱి నా శిష్యుడు పేరు తీసికొన్నది ఈ నవలనుండి కాదు. మార్గరెట్ మిచెల్ 1936లో ప్రకటించిన గాన్ విత్ ది విండ్ నుండి. అందలి నాయిక స్కార్లెట్ ఒహారా. ఆ గ్రంథమున పెద్దదోషమొకటి కలదు. నీగ్రో బానిసత్వమును అది తీపిపూతతో చూపినది. బానిసల కన్నీరు చూడని కన్ను ఎంత చక్కని ప్రకృతిని చూచినను పూర్ణమైన కన్ను కానేరదు. చదువువారు ఈ సంగతి మఱువరాదు. అయినను నాయికాపాత్ర బలమైనది. చిన్నవయసుననే భర్త మరణింపగా నల్లదుస్తులలో మూల కూర్చుండవలసిన ఆమె, అట్లాంటా నగరమున జరిగిన వేడుకలో నలుగురి యెదుట నాట్యమాడును. లోకులు ముక్కున వ్రేలిడికొందురు. మన వితంతుసమస్యను ఎఱిగిన పాఠకునికి ఆ ఘట్టము సుదూరమైనది కాదు. ఆ పేరు విషయమున ఇంకను రెండు సంగతులు చెప్పవలెను. స్కార్లెట్ అనునది ఇంగ్లండున ఇంటిపేరుగా పుట్టినది, ఆ బట్టను అమ్ము వర్తకుల ఇంటిపేరు. ఇక నవలలో నాయికకు ఆ పేరు వచ్చినది ఆమె నాయనమ్మనుండి.

ఈ మాట నేను చెప్పగనే మాతామహుని ముఖము విప్పారెను. "నాయనమ్మ పేరా? అలా అయితే అభ్యంతరం లేదు మాస్టారూ" అనెను. తండ్రి పళ్లెములోని బియ్యమున ఉంగరముతో ఆ పేరు వ్రాసెను. ముత్తైదువలు అక్షతలు చల్లిరి. నా పాండిత్యము ఫలించినదని నేనును లోలోపల సంతసించితిని.

అటుపిమ్మట పసుపుకుంకుమల పళ్లెము బయలుదేఱెను. ఇంటి ఆడపడుచు వచ్చిన పేరంటాండ్రకెల్ల బొట్టు పెట్టుచు వరుసగా సాగుచుండెను. ఉయ్యాల దగ్గఱకు వచ్చినది. బిడ్డకు చుక్క పెట్టినది. ఉయ్యాల పట్టుకొని కూర్చున్న నాయనమ్మను దాటి ప్రక్కనున్నవారికి సాగిపోయినది. ఆ పిల్ల మనసున చెడ్డతనమేమియు లేదు. చేయి అలవాటుగా దాటినది. ఆమెయు అలవాటుగా తల ప్రక్కకు త్రిప్పికొన్నది. ఆమె భర్త పోయి ఆరు సంవత్సరములు. ఎఱుపు పేరునుగూర్చి అరగంట ఉపన్యసించిన నేను, ఎఱుపు ఒక మనిషిని దాటి పోవుచుండగా చూచి నోరు మెదపలేదు.

వితంతు పునర్వివాహమును చట్టసమ్మతము చేసినది 1856 సంవత్సరపు శాసనము. రాజమహేంద్రవరమున వీరేశలింగముగారు తొలి వితంతు వివాహమును జరిపించినది 1881 డిసెంబరు 11. గురజాడ కన్యాశుల్కము మొదట ప్రదర్శింపబడినది 1892లో. ఆ నాటకమున ఇద్దఱు స్త్రీల స్థితిని ప్రక్కప్రక్కన నిలిపి చూడుడు. బుచ్చమ్మ బాలవితంతువు, రంగులు నిషేధింపబడినది. మధురవాణి వేశ్య, రంగులన్నియు ధరింపనిచ్చి నింద మోపబడినది. ఒకతెకు ఎఱుపు లేకపోవుట శిక్ష. ఇంకొకతెకు ఉండుట శిక్ష. ఈ రెంటిని విధించినది ఒకే సంఘము. నాటకపు చిక్కుముడులను విప్పుటలో ప్రధానహస్తమును గురజాడ మధురవాణికి ఇచ్చుట యాదృచ్ఛికము కాదు. అంతకు మునుపటి ప్రబంధములలో ఎఱుపు నాయిక పెదవిపైనను పాదముల లత్తుకపైనను నిలిచిపోయెను. శ్రీశ్రీ మహాప్రస్థానము 1950లో పుస్తకముగ వెలువడునాటికి ఎఱుపు శ్రమజీవుల జెండాకెక్కినది. అది గొప్ప మార్పే. ఐనను ఎఱ్ఱజెండా యన్నంతనే మన మనసునకు తోచునది మగవాని పిడికిలి. ఆ గుడ్డకు రంగు వేసిన చేయి ఎవరిదో మన కవిత్వము అరుదుగనే అడిగినది.

భోజనములైన పిమ్మట నేను ఉయ్యాల చెంతకు పోయితిని. బిడ్డ క్రింద పఱచియున్న దుప్పటి ముదురు ఎఱుపు నేలపై నల్లని లతలతో మిక్కిలి మెత్తనిది. ఎచట కొన్నారని అడిగితిని. "కొనడమేంటి మాస్టారూ, నేనే అద్దాను" అని ఆమె చెప్పెను. ఆమెయు భర్తయు పెడనలో కలంకారీ అచ్చుపనివారు. ముప్పది యేండ్లకు పైగా ఆమె చేతులు ఎఱుపులోనే మునిగియుండెను. పని విధమేమని అడుగగా చెప్పుకొని వచ్చినది: "ముందు గుడ్డని కరక్కాయ నీళ్లలో, గేదెపాలలో తడిపి ఆరబెట్టాలి. తర్వాత పటిక నీళ్లతో అచ్చు వెయ్యాలి. అప్పుడు చూస్తే అందులో ఎరుపేమీ ఉండదు. కాలవలో జాడించి, రాగి డేగిశాలో రంగేసి ఉడకబెడితే అప్పుడు పైకొస్తుంది. పటిక తగిలినచోటే పడుతుంది, తగలనిచోట పట్టదు. మా అత్తగారి రోజుల్లో వేరు వాడేవాళ్లని చెప్పేది. మా చేతికొచ్చేసరికి అలిజరిన్ పొడి."

ఆమె చెప్పిన వేరు చిరివేరు. కృష్ణాతీరపు చిరివేరు ఎఱుపునకు ఒకప్పుడు పెక్కు దేశములలో ఖ్యాతి యుండెను. గోలకొండ సుల్తానుల కాలమున మచిలీపట్నము ఆ రాజ్యపు ముఖ్యమైన రేవు. ఆంగ్లేయులు 1611లో అచట వర్తకశాల నెలకొల్పిరి. మన అద్దకపు బట్టలను వారు ఓడలకెక్కించిరి. తమ దేశపు ఉన్నిబనాతులను ఇచట అమ్మజూచిరి. సకలాతు ఇటు వచ్చుచుండగా చిరివేరు ఎఱుపు అటు పోయినది. 1868లో జర్మనీ రసాయనవేత్తలు గ్రేబే, లీబర్మన్ అను ఇరువురు అలిజరిన్‌ను కృత్రిమముగ తయారుచేయు విధమును కనుగొన్న పిమ్మట వేరు పని తగ్గి పొడి వచ్చినది. నా శిష్యుని కిటికీనుండి చూచినచో ఆ సుల్తానుల గోలకొండ చేరువనే యున్నది. 1998లో ప్రారంభమైన సైబర్ టవర్సు మఱియొక వైపున నున్నది. ఆ రెంటి నడుమ, పదునాల్గవ అంతస్తున, ఆ పాత రంగు తెలిసిన చేతులు ఉయ్యాల నూపుచున్నవి.

పటికను గూర్చి ఆమె చెప్పిన మాట నాకు సాహిత్యవిమర్శ గ్రంథములకంటె ఎక్కువ నేర్పినది. రంగుబానలో గుడ్డ యంతయు మునుగును. పటిక ముందుగా అద్దియుంచిన చోటనే ఎఱుపు అంటును. నిందయు అట్టిదే. ఒకే క్రియను ఇరువురు చేయుదురు. సంఘము ముందుగా అచ్చు వేసియుంచిన చోట, అనగా స్త్రీపైననే, మచ్చ తేలును. హెస్టరుపై తేలి మతబోధకునిపై తేలకపోవుటకు కారణమిదియే. భార్య పోయిన భర్త నొసట బొట్టు చెఱుపువారు లేరు. భర్త పోయిన భార్య నొసట చెఱుపుదురు. లోపము రంగులో లేదు, అచ్చులో ఉన్నది.

మనుమరాలి పేరు నచ్చినదా యని ఆమెనే చివరకు అడిగితిని. ఆ ప్రశ్న అంతవఱకు ఎవరును ఆమెను అడిగియుండలేదు. నవ్వి ఇట్లనెను: "ఏ పేరైతేనేం మాస్టారూ. ఉతికితే పోని రంగయితే చాలు."

ఇంటికి వచ్చి నా శిష్యునికి ఒక జాబు వ్రాసితిని. పేరు మార్చనక్కఱలేదని వ్రాసితిని. ఆ పేరునకు అర్థము అడిగినవారికి అమెరికా నవలకంటె ముందు పెడన దుప్పటిని చూపవలెనని వ్రాసితిని. ఎఱుపు మంచిదని నమ్మి కూతురికి ఆ పేరు పెట్టినవాడు తన తల్లిని ఆ యెఱుపునుండి వెలివేయుట పొసగదని, పళ్లెము దాటిపోవుచుండగా నేను మౌనముగ నుండుట నా తప్పని కూడ వ్రాసితిని. రాబోవు శ్రావణమున ఆ బిడ్డకు అన్నప్రాశన. ఆనాడు కుంకుమ పళ్లెము మొదట నాయనమ్మ ముందు ఆగవలెను. ఆమె బొట్టు పెట్టుకొనునో మానునో నేను చెప్పజాలను. పెట్టుకొమ్మని బలవంతపెట్టుటకు నాకుగాని ఆమె కుమారునికిగాని అధికారము లేదు. ఆమె యిష్టమేమో ఆమె చెప్పును. అడుగుట మాత్రము మన వంతు.